నంబురాజన్ నాలుగో తువ్వాలు

నంబురాజన్ రోజూ తెల్లవారుజామున ఐదింటికి నాలుగు తువ్వాళ్లు ఉతుకుతాడు. మూడింటిని బకెట్లో ముంచి, నలిపి, పిండి దండెం మీద వేస్తాడు. నాలుగోదాన్ని మాత్రం బండకేసి బాదుతాడు. ఒకటీ రెండూ కాదు, నలభై దెబ్బలు. రామేశ్వరంలో సంగుమాల్ అనే పేటలో వాళ్ల పెరడూ మా పెరడూ ఒకే గోడకు అటూ ఇటూ. ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో అలారం అవసరం పడలేదు.

నంబురాజన్ ఆటో నడుపుతాడు. రామేశ్వరం వచ్చినవాళ్లకు ద్వీపమంతా తిప్పి చూపించడం అతని వృత్తి. మనిషిలో వంక పెట్టడానికి ఇంకేమీ లేదు, ఒక్కటే లోపం. ఎవర్నీ ఏదీ చూడనివ్వడు.

ద్వీపం కొసన ఉన్న ధనుష్కోటికి బేరం కుదిరి ముగ్గురు సీట్లో సర్దుకోగానే ముగ్గురి ఒళ్లోకీ మూడు తువ్వాళ్లు వచ్చి పడతాయి.

“కళ్లకు కట్టుకోండి.”

“ఎందుకయ్యా?”

“దారిలో చూడకుండా.”

“చూడ్డానికే కదా ఇంత దూరం వచ్చింది!”

“అందుకేగా కట్టుకోమంటున్నది. పొద్దున్నించీ మీరు ఎన్ని చూశారు? లాడ్జి బోర్డు, ఫోను, కాఫీ గ్లాసు, పక్కాయన బట్టతల. కడుపు నిండా చిరుతిళ్లు తిని వచ్చినవాడికి విందు పెడితే ఏం రుచి? కంటిని ఓ ముప్పావుగంట పస్తు ఉంచండి. ఆకలేశాక సముద్రం వడ్డిస్తా.”

సగం మంది దిగిపోయి వేరే ఆటో ఎక్కుతారు. మిగతా సగం మంది నవ్వుతూ కట్టుకుంటారు. తిరిగొచ్చాక ఆ నవ్వినవాళ్లే తువ్వాలు మడతపెట్టి రెండు చేతులతో అందిస్తారు. ఇది నేను చాలాసార్లు చూశాను.

గుడిలోనూ అదే వరస. ఇరవై రెండు బావుల నీళ్లూ పోయించుకుని, తడి బట్టలు మార్చుకుని వచ్చినవాళ్లను మూడో ప్రాకారం దాకా తలొంచుకుని నడవమంటాడు. “కాళ్లు చూసుకోండి. పైకి చూశారో, నేనిక్కడే వదిలేసి పోతా.” మూల తిరిగాక “ఇప్పుడు” అంటాడు. తలెత్తితే స్తంభాలు. రెండు వైపులా స్తంభాలు, వాటి వెనక స్తంభాలు, పోయి పోయి చివర సూదిమొనంత వెలుతురైపోయే స్తంభాలు. వంతెనలు కట్టే ఇంజినీరు ఒకాయన “ఇనుము లేకుండానా?” అని ఒక్క మాట అని, గుడి మూసేవేళ దాకా అక్కడే ఉండిపోయాడు. ఆయన్ని బయటికి తేవడానికి నంబురాజన్ మళ్లీ తువ్వాలు కట్టాల్సివచ్చింది.

విల్లూండి తీర్థం దగ్గర కళ్లతో పని లేదు, అక్కడ నోరు. సముద్రంలోకి కట్టిన నడవ చివర, నలువైపులా ఉప్పునీళ్ల మధ్య ఒక మంచినీళ్ల బావి ఉంటుంది. అక్కడికి వెళ్లే ముందు ఒడ్డునే దోసెడు సముద్రం పుక్కిలించాలని నంబురాజన్ ఆజ్ఞ. సేలం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పుక్కిలించి, ఆ నీళ్లు అతని చొక్కా మీదే ఉమ్మేసింది. తర్వాత బావి నీళ్లు తాగింది. తాగి, కాసేపు చుట్టూ ఉన్న సముద్రాన్ని చూసి, అతని చొక్కా తన కొంగుతో తుడిచింది.

“ఇంత ఉప్పులో ఈ తీపి ఎక్కణ్నించి వచ్చింది నాయనా?”

“రాముడి బాణంలోంచమ్మా.”

“బాణంలోకి ఎక్కణ్నించి వచ్చింది?”

“అది నేనూ పద్దెనిమిదేళ్ల నుంచీ ఆలోచిస్తున్నా.”

ఇంతా చేసి నంబురాజన్ సముద్రం వైపు చూడడు. గంతలు విప్పించే క్షణంలో అతను సముద్రానికి వీపు పెట్టి, ఎక్కినవాళ్ల మొహాల కేసి చూస్తూ నిలబడతాడు. ఆ మొహాలకు అతని దగ్గర తరగతులున్నాయి. నోరు తెరిచినవాళ్లు ‘నోరు’. తెలియకుండా పక్కవాళ్ల చెయ్యి గట్టిగా పట్టుకున్నవాళ్లు ‘చెయ్యి’. ఏమీ అనకుండా, కదలకుండా నిలబడిపోయినవాళ్లు ‘మౌనం’. అది అన్నిటికన్నా పెద్ద తరగతి. సాయంత్రం గోడ మీదుగా నాకు సమాచారం వస్తుంది. “ఇవాళ రెండు నోళ్లు, ఒక చెయ్యి సార్.” ఒకసారి ఎవరో తువ్వాలు విప్పి, నలువైపులా చూసి, “అంతేనా?” అన్నాడట. నంబురాజన్ రెండు రోజులు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

ఇక నాలుగో తువ్వాలు. సీటు మీద ముగ్గురే పడతారు, మరి నాలుగోది ఎవరికి? ఎర్ర గళ్లది, వెలిసిపోయినది. సీటు కింద విడిగా మడతపెట్టి ఉంచుతాడు, ఎవరికీ ఇవ్వడు. పడమటి గోపురం ఆటో స్టాండులో దీని మీద మూడు వాదాలుండేవి. నంబునాయకి అమ్మవారికి మొక్కుకున్నదని ఒకటి. పెళ్లాం మీద కోపం దాని మీద తీర్చుకుంటాడని రెండు, నలభై దెబ్బల సంగతి తెలిసినవాళ్ల వాదం ఇది. చేతబడి అని మూడు.

ధనుష్కోటి దారిలోని చెక్‌పోస్టుకు కొత్తగా వచ్చిన కానిస్టేబులు ఒకరోజు ఈ ఆటోను ఆపాడు. వెనక సీట్లో పంచెలు కట్టిన ముగ్గురు పెద్దమనుషులు, కళ్లకు గంతలు, ఒళ్లో చేతులు.

కానిస్టేబులు లాఠీ బిగించి లోపలికి వంగాడు. “అయ్యా, భయపడకండి. మిమ్మల్ని ఎవరు ఎత్తుకొచ్చారు?”

“మేమే ఎక్కాం” అన్నాడు మొదటాయన.

“ఎక్కడికి తీసుకెళ్తున్నాడు?”

“ఏమో, చూడలేదు” అన్నాడు రెండో ఆయన.

“కళ్లెందుకు కట్టాడు?”

“ఆకలి పుట్టడానికి” అన్నాడు మూడో ఆయన.

విషయం తేలేసరికి గంట పట్టింది. ఆ ఆదివారం కానిస్టేబులు భార్యనూ అత్తగారినీ తీసుకుని స్వయంగా వచ్చి ఆటో ఎక్కాడు. అత్తగారు నోరు, భార్య చెయ్యి, కానిస్టేబులు మౌనం. ఆ తర్వాత అతను ఆటోను ఆపడం మానేసి, దూరం నుంచే సెల్యూట్ చేసేవాడు. కళ్లకు గంతలున్నవాళ్లకు అది కనిపించదని ఎవరూ అతనికి చెప్పలేదు.

కానీ అందరూ కానిస్టేబులంత మంచివాళ్లు కారు. మొన్న ఫిబ్రవరిలో, తమిళుల మాసి నెలలో, పక్క నుంచి పోతున్న టూరిస్టు బస్సులోంచి ఎవరో కుర్రాళ్లు ఈ ఆటోను ఫోన్లో తీసి ‘రామేశ్వరంలో యాత్రికుల అపహరణ’ అని పెట్టారు. ఒక్క రోజులో మూడు లక్షల మంది చూశారు. నేను విలేకరిని, మా పేపరు డెస్కు నుంచి నాకు ఫోను. “మీ ఊళ్లో కిడ్నాపులట కదా, మీ నుంచి వార్తే లేదేం?” ఎత్తుకుపోయినవాడు నాకు తెలుసని, పొద్దున్నే మా ఇంటికి ఇడ్లీలు తెచ్చిచ్చాడని చెప్పినా డెస్కు నమ్మలేదు.

స్టాండు ప్రెసిడెంటు మునియసామి సాయంత్రం పంచాయితీ పెట్టాడు. భారీ మనిషి. ఆయన కూర్చుంటే ఆటో ముందు చక్రం కాస్త లేచినట్టుంటుంది.

“ఒరేయ్ నంబూ, పొద్దున్నించీ నాకు నలభై ఫోన్లు. మీ ఊరి ఆటో ఎక్కితే తిరిగొస్తామా అని అడుగుతున్నారు.”

“తిరిగి రానివాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నా?”

“వెటకారం వద్దు. ఈ తువ్వాళ్ల గోల రేపట్నుంచి బంద్. కాదంటే స్టాండులో నీ వరస తీసేస్తాం.”

వరస అంటే ఆషామాషీ కాదు. వచ్చిన బేరాలు వచ్చినట్టు ఒకరి తర్వాత ఒకరికి అందే హక్కు అది. అది లేని ఆటోవాడు ఎండలో వీధులు తిరుగుతూ “ధనుష్కోటి, ధనుష్కోటి” అని అరుచుకోవాలి. నంబురాజన్‌ది పద్దెనిమిదేళ్ల వరస.

అతను తలూపాడు. “సరే అన్నా, మానేస్తా. ఒక్క రోజు తప్ప.”

“ఏ రోజు?”

“అమావాస్య.”

స్టాండులో అందరూ దగ్గరికి జరిగారు. వెనక నుంచి ఎవరో అన్నారు. “నే చెప్పలా? చేతబడే!”

మునియసామి గొంతు తగ్గించాడు. “అమావాస్య నాడు ఎవర్ని ఎక్కిస్తావురా?”

“చెప్పనన్నా.”

“చెప్పకపోతే వరస పోద్ది.”

“పోతే పోనీ.”

వడ్డించిన సాంబారు చల్లారిందని హోటల్లో అడగడానికి కూడా మొహమాటపడే మనిషి నంబురాజన్. అతని నోట ‘పోతే పోనీ’ వినడం అందరికీ అదే మొదలు. మునియసామికి కోపం కన్నా కుతూహలం ఎక్కువైంది.

“ఎల్లుండేగా అమావాస్య. నేనే వస్తా నీ ఆటోలో. పేపరు సార్ సాక్షి. నా కళ్లతో చూసి తేలుస్తా.”

“నీ కళ్లతో కుదరదన్నా” అన్నాడు నంబురాజన్. “కట్టుకోవాలి.”

అమావాస్య పొద్దున ఏడింటికి బయల్దేరాం. సీటులో రెండొంతులు మునియసామి, మిగిలిన దాంట్లో నేను. నటరాజపురం మలుపులో ఆటో ఆగింది. బక్కపల్చటి ముసలావిడ, చేతిలో మూత బిగించిన స్టీలు చెంబు, కొంగులో మల్లెపూలు. నాకు ఆవిణ్ని చూసిన గుర్తుంది. సేతమ్మాళ్. ఊరంతా పాట్టి అనే పిలుస్తారు, మనం అమ్మమ్మ అన్నట్టు.

“ఎవర్రా రాజా ఈ బియ్యం బస్తా?” అంది పాట్టి మునియసామిని చూసి.

“మా ప్రెసిడెంటు పాట్టి.”

“అయితే లేచి నిలబడమను, నేను కూచుంటా.”

ఆఖరికి ముగ్గురం ఇరుక్కున్నాం. నంబురాజన్ మాకు రెండు తువ్వాళ్లు ఇచ్చాడు. తర్వాత సీటు కింది నుంచి ఆ నాలుగోది తీసి, పాట్టి కళ్లకు తనే కట్టాడు. మునియసామి నన్ను మోచేత్తో పొడిచాడు. అంతలో మా గంతలు కూడా బిగిశాయి. చీకటి.

ముప్పై ఒక్కేళ్లుగా ఈ ద్వీపం నుంచి వార్తలు పంపుతున్నాను. ప్రతి తుఫాను హెచ్చరికకూ ఆ చివరికి వెళ్లాను. నాకక్కడ కొత్తగా చూడ్డానికి ఏముందనుకున్నాను. కానీ కళ్లు మూతపడేసరికి చెవులు లేచి కూర్చున్నాయి. సరుగుడు చెట్ల ఈల. మడుగులో వేల కాళ్లు ఒకేసారి కదిలినట్టు చప్పుడు, బాతు కాదు, కొంగ కాదు, శీతాకాలం వచ్చే ఆ రాజహంసలే అయి ఉండాలి. తర్వాత ఎడమచేతి వైపు మెల్లటి గుసగుస, అది ఇక్కడివాళ్ల మాటలో ఆడ సముద్రం. కుడిచేతి వైపు దభీ దభీమని గుద్దులు, అది మగ సముద్రం. రెండూ దగ్గరవుతున్నాయి. రోడ్డు సన్నబడుతోందని నాకు చెవులతో తెలిసింది. పెదవుల మీద ఉప్పు మందమైంది. ఒక దశలో, ఈ ఆటో తప్ప ప్రపంచమంతా నీళ్లేమో అనిపించి సీటు కమ్మీ పట్టుకున్నాను.

ఉన్నట్టుండి నంబురాజన్ హారన్ మొదలుపెట్టాడు. ఆపకుండా, చెవులు చిల్లులుపడేలా.

“ఎవర్రా అడ్డొచ్చింది?” అన్నాడు మునియసామి.

“మేకలన్నా.”

“ధనుష్కోటి ఇసకలో మేకలెక్కడివిరా?”

“ఉంటాయిలే నాయనా” అంది పాట్టి తాపీగా. “ఎప్పుడూ ఇక్కడే ఉంటాయి.”

రెండు నిమిషాలు మోగి హారన్ ఆగింది. ఇంకాసేపటికి ఆటో కూడా ఆగింది. చేతులు పట్టుకుని దింపి నిలబెట్టాడు.

“ఇప్పుడు.”

విప్పాను. భూమి అయిపోయింది. అరికాలి వెడల్పు నుంచి వేలి వెడల్పుకు సన్నబడి, ఇసక నీళ్లలోకి దిగిపోయింది. ఒకపక్క నీళ్లు పాలపచ్చగా, ముడత లేకుండా పరుచుకుని ఉన్నాయి. ఇంకోపక్క నల్లనీలం అలలు లేచి విరుగుతున్నాయి. రెండూ కలిసే చోట గీత గీసినట్టు నురగ, ఆ గీత ఆకాశందాకా పోయింది. వందసార్లు నిలబడిన చోటే. ఆ వందసార్లూ నేను అక్కడ గాలి వేగం, పడవల లెక్క చూశానే తప్ప సముద్రాన్ని చూడలేదని అప్పుడు తెలిసింది. ఆ రోజు డెస్కుకు ఏం పంపాలనుకున్నానో ఇప్పటికీ గుర్తు రాలేదు.

కుడిచెయ్యి నొప్పి పుట్టి చూసుకుంటే మునియసామి పట్టుకుని ఉన్నాడు. ఈ ద్వీపంలోనే పుట్టిన మనిషి. “అమ్మా... అమ్మా...” అంటున్నాడు. నంబురాజన్ సముద్రానికి వీపు పెట్టి మమ్మల్నే చూస్తున్నాడు. పెదవులు కదిలాయి. లెక్క వేసుకున్నాడని అర్థమైంది.

పాట్టి చెంబు తీసుకుని నీళ్లలోకి మోకాళ్ల దాకా నడిచింది. పాలు పోసింది. పూలు వదిలింది. మల్లెపూలు ఆడ సముద్రం మీదుగా మెల్లగా వెళ్లి, నురగ గీత దగ్గర ఒక్కసారి తిరిగి, మగ సముద్రంలో మాయమయ్యాయి.

అప్పుడు చెప్పాడు నంబురాజన్. అరవై నాలుగు తుఫానుకు పాట్టికి పదేళ్లు. వాళ్ల నాన్న ధనుష్కోటి స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఒళ్లంతా పొక్కులు లేచాయని ఆ పిల్లను రామేశ్వరంలో మేనత్త ఇంట్లో వదిలారు. ఒక్క రాత్రిలో స్టేషను, క్వార్టర్సు, అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్లు, ఏమీ మిగల్లేదు. మొండిగోడలు మిగిలాయి. అవి రోడ్డు పక్కనే ఉన్నాయి. యాభై మూడేళ్లు పాట్టి చెక్‌పోస్టు దాటలేదు.

“రోడ్డు కొత్తగా పడ్డప్పుడు నా ఆటో ఎక్కిందన్నా. చివర్న పాలు పోయాలి, కానీ దారిలో ఆ గోడ చూడలేను అంది. తువ్వాలు కట్టా. పక్కన కూర్చున్న బేరం వాళ్లు ‘ఈ ముసలామెకేం, కళ్లు లేవా’ అన్నారు. పాట్టి ఇంతైపోయింది. ‘ఈ ఆటోలో రూలండీ, అందరూ కట్టుకోవాలి’ అన్నా. కట్టుకున్నారు. ఇక్కడికొచ్చి విప్పాక వాళ్ల మొహాలు చూశా. ఇక రోజూ కట్టించకుండా ఉండలేకపోయా.”

“నీకేమవుద్దిరా ఆమె?”

“ఏమీ కాదన్నా. బేరం.”

“హారన్?”

“శంఖాలమ్మేవాళ్లు ‘చర్చి చూడండి, స్టేషను చూడండి’ అని అరుస్తారు కదా. అవి వినపడకూడదని.”

మునియసామి చేతిలోని తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. “ముందే చెప్పొచ్చుగా గాడిదా!”

“చెప్తే స్టాండు మొత్తం ఆమె కేసి జాలిగా చూస్తుందన్నా. పాట్టికి ఆ గోడ కన్నా అదే భయం.”

వాళ్లిద్దరూ ఆటో తిప్పడానికి వెళ్లారు. పాట్టి తడి చీర పిండుకుంటూ వచ్చి నా చెయ్యి ఆసరా పట్టుకుంది.

“పేపరాయనా, ఒక మాట. పేపర్లో వెయ్యకు.”

“వెయ్యను పాట్టి.”

“నాకంతా కనిపిస్తుంది.”

“ఏం కనిపిస్తుంది?”

“దారి. చర్చి గోడలు, నీళ్ల ట్యాంకు, మా క్వార్టర్సు గోడ. ఇవాళ మా గోడ పక్కన శంఖాలవాడెవడో నీలం పట్టా కట్టాడు. ఆ తువ్వాలు అరిగిపోయిందిలే. మొదట్లో ఉత్త నీడలే. మూడేళ్లయింది, రూపు తెలుస్తోంది. ఇప్పుడు ఎదురు చూస్తుంటా, గోడ ఈ నెల కూడా నిలబడే ఉందా అని.”

“మరి అతనికి చెప్పలేదేం?”

“పిల్లాడు నా కోసం అంత హారన్ కొడుతుంటే ఏం చెప్పను? నొచ్చుకోడూ!”

తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ గంతలు, మళ్లీ మేకలు. ఈసారి మునియసామి ఏమీ అడగలేదు. పైగా “హాయ్, హాయ్, పొండి” అని మేకల్ని అదిలించాడు.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి బండ చప్పుడు మొదలైంది. గోడ మీదుగా తొంగిచూశాను.

“నంబూ, నెలకోసారి వాడే తువ్వాలు. రోజూ అంత ఉతుకుడు ఎందుకు? అంత మురికేముంది దానికి?”

అతను చెయ్యి ఆపాడు. “మురికి కోసం కాదు సార్. అరగడానికి.”

నేను గోడ మీద మోచేతులు ఆనించాను.

“ఒక్కసారిగా విప్పి చూడమంటే ఆమె వల్ల కాదు సార్. చూడకుండా పోతే అది ఇంకా బాధ. అందుకని కొంచెం కొంచెం. మొదటి ఏడు చీకటి. తర్వాత వెలుతురు. తర్వాత నీడలు. ఇప్పుడు బాగానే కనిపిస్తూ ఉండాలి.”

“ఆమె చూస్తోందని నీకు తెలుసా?”

“అద్దంలో కనపడదా సార్? మూడేళ్ల కింద ఒక అమావాస్య, సరిగ్గా ఆ గోడ దగ్గర కమ్మీ గట్టిగా పట్టుకుంది. ‘చెయ్యి’ సార్ అది.”

“మరి ఇంకా హారన్ ఎందుకయ్యా?”

“ఆపేస్తే నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసిపోదూ? పాట్టికి చెప్పకండి సార్.”

ఒకే ఊళ్లో, ఒకే సంగతి మీద, రెండు రోజుల్లో ఇద్దరు మనుషులు ‘చెప్పకు’ అన్నారు. ముప్పై ఒక్కేళ్లలో నేను డెస్కుకు పంపని అసలైన వార్త అదొక్కటే.

నంబురాజన్ వరస నిలిచింది. ఇష్టమున్నవాళ్లే కట్టుకోవాలని మునియసామి తీర్పు ఇచ్చి, స్టాండు తరఫున మదురై నుంచి నాలుగు కొత్త తువ్వాళ్లు తెప్పించాడు. దుప్పట్లంత మందం. ఆ తర్వాతి నెల, పంగుని అమావాస్య నాడు పాట్టి కొత్తదాన్ని ముట్టుకుని, “కొత్త గుడ్డ, దురద పుడుతుంది. నా పాతదే ఇయ్యరా రాజా” అంది. నంబురాజన్ అప్పటికే ఆ పాతదాన్ని చేతిలో పట్టుకుని ఉన్నాడు.

ఇప్పుడు దండెం మీద ఐదు తువ్వాళ్లు ఆరుతున్నాయి, నాలుగు కొత్తవి, ఒకటి పాతది. ఆ ఎర్ర గళ్లదాన్ని మొన్న ఎండకెదురుగా పట్టుకుని చూశాను. గోడ మీద పెట్టిన పేపరు దాని గుండా చదవగలిగాను, తేదీతో సహా. ఇంకా బాదితే చిరుగుతుందని నంబురాజన్ నలభై దెబ్బల్ని నాలుగు చేశాడు. నాలుగు దెబ్బలకు నాకు మెలకువ రావడం లేదు. పోయిన వారం మా ఇంట్లో అలారం కొన్నాం.